శశిరేఖ చీర ఏ రంగు?

1980ల చివర్లో రాయలసీమలోని నల్లచెరువు, తనకల్లు లాంటి ఊళ్లలో టీవీ ఉన్న ఇల్లు ఆదివారం పూట ఊరుమ్మడి అయిపోయేది. దేశంలో రంగుల ప్రసారాలు 1982లోనే మొదలైనా, పల్లెల్లో చాలాకాలం నడిచింది చవగ్గా దొరికే బ్లాక్ అండ్ వైట్ పెట్టెలే. వాటికి రంగు తెప్పించడానికి బజారులో ఒక ఉపాయం అమ్మేవాళ్లు: తెర ముందు బిగించుకునే ప్లాస్టిక్ రేకు. పైభాగం నీలం, నడుమ పసుపో ఎరుపో, అడుగున ఆకుపచ్చ. చేలగట్టున ఎద్దులబండి పోతుంటే రేకు చక్కగా పనిచేసేది. పైన ఆకాశం, కింద పచ్చిక. వార్తలు మొదలయ్యాక మాత్రం చదివే మనిషికి నుదురు నీలంగా, గడ్డం పచ్చగా తేలేవి.

నలుపు తెలుపుల బొమ్మకు రంగు వేయడంలోని చిక్కంతా ఆ రేకులోనే ఉంది. తెరలో ఏ చోటికి ఏ రంగో దానికి తెలుసు. ఆ చోట ఉన్నది ఆకాశమా, మనిషి నుదురా అన్నది తెలియదు. గత నలభై ఏళ్లుగా ఇంజనీర్లు, చిత్రకారులు, ఇప్పుడు కృత్రిమ మేధ చేస్తున్న పని ఆ రెండో సంగతిని కంప్యూటర్‌కు నేర్పడమే. అది నేర్చుకున్నాక కూడా ఒక ప్రశ్న మిగిలిపోతుంది. అక్కడున్నది చీర అని తేలింది సరే, ఆ చీర ఏ రంగు?

తెలుగులో ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి అన్నిటికంటే పెద్ద సాహసం జరిగింది ‘మాయాబజార్’ మీద. 1957 మార్చి 27న విడుదలైన ఆ నలుపు తెలుపుల చిత్రం, హైదరాబాద్‌లోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ చేతుల్లో రంగులద్దుకుని 2010 జనవరి 30న మళ్లీ థియేటర్లకు వచ్చింది. ఆ సినిమాకూ ఈ సీమకూ చుట్టరికం గట్టిదే. దర్శకుడు కె.వి.రెడ్డి పూర్తి పేరు కదిరి వెంకటరెడ్డి, సొంత ప్రాంతం తాడిపత్రి. అందులో కృష్ణుడిగా వేసిన ఎన్.టి.రామారావును హిందూపురం 1985, 1989, 1994 ఎన్నికల్లో వరసగా మూడుసార్లు శాసనసభకు పంపింది. ఇంకో విశేషం, మన దేశంలో టీవీ ప్రసారాలు ఢిల్లీలో 1959లో మొదలైతే, అంతకు రెండేళ్ల ముందే ఈ సినిమాలో నాయిక శశిరేఖ (సావిత్రి) ‘ప్రియదర్శిని’ అనే పెట్టె తెరిచి, దూరాన ఉన్న అభిమన్యుణ్ణి అందులో చూసుకుంటుంది.

వెండికి రంగు తెలియదు

పాత సినిమా నెగెటివ్ అంటే ప్లాస్టిక్ పట్టీ మీద జిలటిన్ పూత, ఆ పూతలో వెండి లవణాల స్ఫటికాలు. వెలుతురు తగిలిన స్ఫటికం రసాయనాల్లో కడిగినప్పుడు నల్లటి వెండి రేణువుగా మారుతుంది. ఎక్కువ వెలుతురు పడినచోట ఎక్కువ వెండి, తక్కువ పడినచోట తక్కువ. దాన్ని తిరగేసి ప్రింటు తీస్తే మనం చూసే బొమ్మ వస్తుంది. అంటే ఫిల్ములో నిలిచేది వెలుతురు ఎంత పడిందన్న లెక్క ఒక్కటే. ఆ వెలుతురు ఏ రంగుదో రాసిపెట్టే చోటు అందులో లేదు.

ఆ లెక్క కూడా పూర్తిగా నిష్పాక్షికమైనది కాదు. వెండి లవణాలకు సహజంగా స్పందన ఉన్నది నీలి, ఊదా కాంతులకే. 1873లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త హెర్మన్ ఫోగెల్, పూతలో కొన్ని అద్దకపు రంగులు కలిపితే ఆకుపచ్చ కాంతికి కూడా స్పందన వస్తుందని కనిపెట్టాడు. ఎరుపును కూడా పట్టే పాన్‌క్రొమాటిక్ ఫిల్ము సినిమాల్లో బాగా వాడుకలోకి వచ్చింది 1920లలో. అంతకుముందు ఫిల్ములో ఎర్రటి పెదవులు నల్లగా పడేవి, నీలాకాశం తెల్లగా వెలిసిపోయేది. కాబట్టి పాత బొమ్మలో ఒకచోట నల్లగా ఉందంటే ఆ వస్తువు నల్లనిదని అర్థం కాదు. ఆ ఫిల్ముకు అది నల్లగా కనిపించిందని అర్థం.

మూడు అంకెలు ఒకటైతే

రంగు సమాచారం ఎంత పోతుందో లెక్కగట్టి చూడవచ్చు. మన కంటిలో రంగుల్ని పట్టే శంకు కణాలు మూడు రకాలు, కాబట్టి కంప్యూటర్ తెర ప్రతి చుక్కనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు అంకెలతో చెబుతుంది. ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా. మూడూ కలిస్తే 1,67,77,216 రంగులు. దీన్ని నలుపు తెలుపులకు మార్చడానికి టీవీ ఇంజనీర్లు వాడే సూత్రం ఇది: ఎరుపులో 0.299 వంతు, ఆకుపచ్చలో 0.587 వంతు, నీలంలో 0.114 వంతు తీసుకుని కూడితే వచ్చేది ఆ చుక్క వెలుగు. ఆకుపచ్చకు అంత పెద్ద వాటా ఎందుకంటే, పగటి వెలుతురులో మన కన్ను ఎక్కువగా స్పందించేది పసుపు కలిసిన ఆకుపచ్చకే. నీలం ఎంత గాఢంగా ఉన్నా కంటికి మసకగానే తోస్తుంది.

ఇప్పుడు ధర్మవరం మగ్గం మీది పట్టుచీర ఒకటి తీసుకుందాం. చీరంతా ఎరుపు, అంచు ముదురాకుపచ్చ. ఎరుపు విలువ 200 అనుకుంటే దాని వెలుగు 200 సార్లు 0.299, అంటే 59.8. అంచులోని ఆకుపచ్చ విలువ 102 అయితే దాని వెలుగు 59.9. రెండూ దాదాపు 60. కంటికి ఎదురెదురుగా నిలబడి పోటీపడే రెండు రంగులు నలుపు తెలుపుల్లో ఒకే బూడిద ఛాయలో కలిసిపోయాయి. అంచు మాయమైపోయింది. పక్కనే 255 విలువున్న నీలానికి ఎరుపు, ఆకుపచ్చలు 35 చొప్పున కలిపిన నీలిచీర పెట్టినా దాని వెలుగు కూడా 60 దగ్గరే తేలుతుంది. తెర మీద ఆ 60 మాత్రమే చూసిన మనిషి వెనక్కి నడిచి ఎరుపో, పచ్చో, నీలమో ఎలా చెబుతాడు? మూడు అంకెల్ని ఒకటిగా కూడవచ్చు. ఆ ఒక్క అంకెను చూసి మొదటి మూడూ ఏవో చెప్పడం మాత్రం కుదరదు. ఇది కంప్యూటర్ శక్తికి సంబంధించిన చిక్కు కాదు. గణితమే ఆ దారి మూసేసింది.

ధర్మవరం నేతలో దీనికంటే గడుసు సంగతి ఇంకొకటుంది. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు వేసి నేసిన చీర, నిలబడితే ఒక ఛాయలో, నడిస్తే ఇంకో ఛాయలో మెరుస్తుంది. వెలుతురు తగిలే కోణాన్ని బట్టి పడుగుపోగులు ఎక్కువగా కనిపిస్తాయి, లేదా పేకపోగులు. అలాంటి చీరను నలుపు తెలుపుల్లో తీస్తే మిగిలేది మెరుపు హెచ్చుతగ్గులే. దానికి తిరిగి రంగు వేయాలంటే, చీర ఏ రంగో తేల్చుకుంటే చాలదు, రెండు రంగులు తేల్చుకుని అవి ఎక్కడ చేతులు మార్చుకుంటాయో కూడా చూసుకోవాలి.

అందుకే నలుపు తెలుపుల రోజుల కళాదర్శకులూ దుస్తులు చూసేవాళ్లూ రంగుల్ని ఛాయలుగానే ఎంచుకునేవాళ్లు. ఇద్దరు పక్కపక్కన నిలబడితే ఒకరి బట్ట ఇంకొకరి బట్టలో కలిసిపోకూడదన్నదే వాళ్ల గొడవ. 1964లో మొదలైన అమెరికన్ టీవీ ధారావాహిక ‘ది ఆడమ్స్ ఫ్యామిలీ’లో ఆ భూతాలింటి హాలు తెర మీద గంభీరంగా, చీకటిగా కనిపిస్తుంది. అప్పటి రంగు ఫొటోల్లో చూస్తే ఆ సెట్టంతా గులాబీ రంగు. అక్కడ నిజమైన రంగు వేస్తే కథ చెడుతుంది, కథకు తగ్గ రంగు వేస్తే నిజం చెడుతుంది.

రెండున్నర లక్షల బొమ్మలు

సినిమా సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. మాయాబజార్ మూడు గంటల పైచిలుకు. మూడు గంటలకే లెక్కవేసినా 2,59,200 బొమ్మలు. ఇన్నిటికి రంగు వేయడం ఎలా?

మొదట నెగెటివ్‌ను స్కాన్ చేసి ప్రతి ఫ్రేమునూ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు. గీతలు, దుమ్ము, చిరుగులు, వణుకు సరిచేస్తారు. తర్వాత సినిమాను షాట్‌లుగా విడగొడతారు. ప్రతి షాట్‌లో ఒకటో రెండో కీలక ఫ్రేములు ఎంచుకుని, అందులోని ప్రతి వస్తువు చుట్టూ హద్దు గీస్తారు: ముఖం, కనుగుడ్డు, పెదవి, కిరీటం, హారం, చీర, అంచు, వెనుక స్తంభం. ఒక్కో హద్దుకు ఒక రంగు ఇస్తారు. ఆపైన సాఫ్ట్‌వేర్ పక్క ఫ్రేములో అదే ఆకారం ఎక్కడికి జరిగిందో వెతికి, రంగును అక్కడికి మోస్తుంది. చెయ్యి అడ్డం వచ్చినా, మనిషి వెనక్కి తిరిగినా హద్దు జారిపోతుంది. అప్పుడు మనిషి కూర్చుని సరిచేయాల్సిందే. సరిగ్గా చేయకపోతే రంగు ఫ్రేము ఫ్రేముకూ మారి తెర మీద మినుకుమినుకుమంటుంది.

అయినా ఇదంతా సాధ్యమైందంటే, మన కంటి బలహీనత ఒకటి సాయం చేయబట్టే. కన్ను వెలుగునీడల్ని సూక్ష్మంగా పట్టుకుంటుంది, రంగు హద్దుల్ని అంత సూక్ష్మంగా పట్టుకోలేదు. ఫ్రాన్స్‌కు చెందిన జార్జ్ వాలెన్సీ 1938లోనే బొమ్మను వెలుగు, రంగు అని రెండు సంకేతాలుగా విడదీసి పంపే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. తర్వాతి రంగుల టీవీ అంతా ఆ దారిలోనే నడిచింది. వెలుగు వివరంగా పంపి, రంగును ముతకగా పంపినా చూసేవాడికి తేడా తెలియదు. రంగులద్దే స్టూడియోకు కూడా అదే ధైర్యం. వివరమంతా పాత బొమ్మ వెలుగునీడల్లోనే భద్రంగా ఉంది. తాము పైన పరిచేది పలచటి రంగుపొర.

మాయాబజార్ విషయానికొస్తే, 165 మంది ఎనిమిది నెలలు పనిచేశారనీ, మనిషి ఒంటి రంగు సహజంగా రావడానికి 1,80,000 ఛాయలు వాడారనీ ఆ బృందం అప్పట్లో పత్రికలకు చెప్పింది. ఒంటి రంగుకు అన్ని ఛాయలెందుకు? చర్మం గోడలాంటి చదునైన రంగు కాదు. వెలుతురు చర్మంలోకి కొంత దిగి, లోపలి నెత్తురును తాకి బయటికొస్తుంది. చెంప మీద, చెవి తమ్మె మీద, ముక్కు కొన మీద ఎరుపు పాలు వేరు. నుదుటి మీద మెరిసే చోట దీపం రంగే తప్ప చర్మం రంగు ఉండదు. ముఖమంతా ఒకే గోధుమ వన్నె పూస్తే మనిషి కొయ్యబొమ్మ అయిపోతాడు. 1980ల తొలి ప్రయత్నాలు అలా పాలిపోయి కనిపించింది అందుకే.

బంగారంతో ఇంకో తంటా. బంగారు నగలో వెలుగు తగిలినచోట లేత పసుపు, నీడలో ముదురు గోధుమ, పక్కనున్న ఎర్రచీర ప్రతిబింబం పడితే కాస్త నారింజ. పౌరాణికంలో తల నుంచి కాలిదాకా నగలే కాబట్టి ఈ పని ప్రతి షాట్‌లోనూ ఉంటుంది.

మాయాబజార్‌లో అసలు పరీక్ష మాయలే. ఘటోత్కచుడు శశిరేఖగా మారేటప్పుడు ఒక బొమ్మ కరుగుతూ ఇంకో బొమ్మ తేలుతుంది. ఆ నడిమి ఫ్రేముల్లో ఒకే చుక్కలో ఎస్.వి.రంగారావూ సావిత్రీ ఇద్దరూ ఉంటారు. ఆ చుక్కకు ఎవరి రంగు? రెండు బొమ్మల పాళ్లు ఫ్రేము ఫ్రేముకూ అంచనా కట్టి, రంగుల్ని అదే పాళ్లలో కలపాలి. విందు పాట ఇంకో తలనొప్పి. గారెలు, లడ్లు, పూరీలు తప్ప పాత బొమ్మలో చాలా పాత్రలు ఖాళీగా కనిపించాయనీ, రంగు ప్రతిలో వాటిని వంటకాలతో నింపామనీ ఆ బృందం చెప్పింది. ఇక్కడ ఒక గీత దాటినట్టయింది. ఉన్నదానికి రంగు వేయడం ఒక పని, లేనిదాన్ని ఉంచడం ఇంకో పని. నలుపు తెలుపుల్లో ప్రేక్షకుడి ఊహ నింపుకున్న గిన్నెను రంగుల్లో కంప్యూటర్ నింపాల్సి వచ్చింది.

వెన్నెలకు రంగుందా?

పున్నమి వెన్నెల వెలుతురు ఎండలో దాదాపు నాలుగు లక్షల వంతు మాత్రమే. అంత తక్కువ వెలుతురులో రంగు పట్టే శంకు కణాలు దాదాపు చేతులెత్తేస్తాయి. ఒక్కో కంట్లో అవి 60 లక్షల దాకా ఉంటే, మసక వెలుతురులో పనిచేసే దండ కణాలు 12 కోట్ల దాకా ఉంటాయి. దండ కణాలు ఒకే రకం. అంటే వాటికి అందేది ఒక్క అంకె. రంగు తేల్చడానికి కనీసం రెండు అంకెల్ని పోల్చుకోవాలి కాబట్టి వాటికి రంగు తెలియదు. వెన్నెల్లో గులాబీ పువ్వు నల్లబడి, దాని ఆకులు కాస్త వెలుగుగా కనిపించడం 19వ శతాబ్దం మొదట్లోనే చెక్ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యే గమనించాడు. దండ కణాలకు ఎరుపు దాదాపు ఆనదు, నీలమూ ఆకుపచ్చా మెరుగ్గా ఆనుతాయి. అందుకే.

ఆ లెక్కన వెన్నెల రాత్రి మన కన్నే ఒక నలుపు తెలుపుల కెమెరా. మాయాబజార్ పడవ పాటలో అభిమన్యుడు, శశిరేఖల మీద ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ కల్పించిన వెన్నెలను తెలుగువాళ్లు తరాలుగా చెప్పుకుంటున్నారు. నీళ్ల మీద మెరుపు, ముఖాల మీద మెత్తటి వెలుగు, చుట్టూ లోతైన నీడ. మనిషి కన్ను నిజంగా వెన్నెల్లో చూసేదానికి ఆ బూడిద ఛాయలే దగ్గర. దానికి రంగు వేసేవాడు రాత్రిని నీలంగా చూపించే సినిమా సంప్రదాయాన్ని పాటించాలి, లేదా పగటిపూటలా పువ్వుకూ చీరకూ రంగు నింపాలి. ఏది చేసినా కంటి అనుభవం నుంచి ఒక అడుగు పక్కకే పడుతుంది.

నలుపు తెలుపుల ఛాయాగ్రాహకుడి పనితనంలో ఇంకో భాగం వెనుక దీపం. రంగు లేనప్పుడు మనిషిని వెనుక గోడ నుంచి విడదీయడానికి జుట్టు చుట్టూ, భుజాల చుట్టూ సన్నటి వెలుగుగీత గీసేవాళ్లు. రంగు వచ్చాక ఆ అవసరం తీరిపోతుంది. ఎర్రచీర పచ్చగోడ నుంచి దానంతటదే విడిపోతుంది. వెలుగుగీత మాత్రం అలాగే ఉండి, ఎక్కడి నుంచో టార్చి పట్టినట్టు అనిపిస్తుంది. బార్ట్లీకి రంగు తెలియక కాదు. 1965లో మలయాళ ‘చెమ్మీన్’ను రంగుల్లో తీసింది ఆయనే. రంగు కోసం దీపాలు పెట్టే పద్ధతి వేరు, నలుపు తెలుపుల కోసం పెట్టే పద్ధతి వేరు. మాయాబజార్‌కు ఆయన పెట్టింది రెండో పద్ధతిలో.

నిజంగానే దాగి ఉన్న రంగు

పోయిన రంగు తిరిగి రాదన్న మాటకు ఒక ముచ్చటైన మినహాయింపు ఉంది. అది టీవీ లోకంలోనిది. బ్రిటన్‌లో 1960ల చివర్లో, 1970లలో రంగుల్లో తీసిన కొన్ని బీబీసీ కార్యక్రమాల వీడియో టేపుల్ని చెరిపేసి మళ్లీ వాడేశారు. అప్పట్లో టేపు ఖరీదైన సరుకు. విదేశాలకు అమ్మడానికి ఒక తెరను కెమెరాతో చిత్రీకరించి తీసిన నలుపు తెలుపుల ఫిల్ము ప్రతులే కొన్నిటికి మిగిలాయి.

బ్రిటన్ వాడిన పాల్ పద్ధతిలో (మన దూరదర్శన్ పాటించిందీ పాల్‌నే) రంగు సమాచారం సెకనుకు 44 లక్షలసార్లు ఊగే చిన్న తరంగం రూపంలో వెలుగు సంకేతం మీద సవారీ చేస్తుంది. రంగుల టీవీ దాన్ని విడదీసుకుంటుంది. నలుపు తెలుపుల తెర దాన్ని వడగట్టకపోతే అది సన్నటి చుక్కల వరసలుగా కనిపిస్తుంది. ఫిల్ము కెమెరా ఆ చుక్కల్ని కూడా చిత్రీకరించేసింది. దశాబ్దాలపాటు అవి బొమ్మను పాడుచేసే మచ్చలనుకున్నారు. బీబీసీకి చెందిన జేమ్స్ ఇన్సెల్ ఆ మచ్చల్లో రంగు దాగి ఉందని పట్టుబట్టాడు. రిచర్డ్ రసెల్ రాసిన సాఫ్ట్‌వేర్ చుక్కల అమరికను చదివి అసలు రంగును బయటికి లాగింది. ‘డాడ్స్ ఆర్మీ’ ధారావాహికలోని ఒక భాగం 2008 డిసెంబర్‌లో అలా మళ్లీ రంగుల్లో ప్రసారమైంది. ‘డాక్టర్ హూ’ భాగాలు కొన్ని కూడా ఇదే దారిలో రంగు తిరిగి తెచ్చుకున్నాయి.

ఇది రంగు వేయడం కాదు, రంగు వెలికితీయడం. ఇక్కడ సాక్ష్యం బొమ్మలోనే ఉంది. మాయాబజార్ నెగెటివ్‌లో అలాంటి చుక్కలు లేవు. అది ఎన్నడూ రంగుల్లో పుట్టలేదు కాబట్టి దాగడానికి రంగే లేదు.

కొన్నిటికి నడిమి దారి ఉంది. 2004 నవంబర్‌లో పూర్తి రంగుల్లో వచ్చిన ‘మొఘల్-ఎ-ఆజమ్’ను 1960లోనే కొంతభాగం రంగుల్లో తీశారు. శీష్‌మహల్ పాట అందులోదే. మిగతా రీళ్లకు రంగు వేసేవాళ్లకు అది కళ్లెదుట ఉన్న ఆధారం. 2013 డిసెంబర్‌లో సీబీఎస్ చానల్ రంగుల్లో చూపించిన ‘ఐ లవ్ లూసీ’ భాగాలకు అలాంటి దన్ను ఇంకో రూపంలో దొరికింది. అందులో లూసీగా వేసిన లూసిల్ బాల్ జుట్టు ఎర్రనిదని అమెరికాలో తెలియనివాళ్లు లేరు. పొరుగున కన్నడనాట రాజ్‌కుమార్ ‘సత్య హరిశ్చంద్ర’ 2008లో, మాయాబజార్‌కంటే ముందే, రంగుల్లో వచ్చింది.

యంత్రం ఊహించే రంగు

ఈ పదేళ్లలో హద్దులు గీసే శ్రమ చాలావరకు కృత్రిమ మేధకు బదిలీ అయింది. లక్షల రంగు ఫొటోలు తీసుకుని, వాటిని నలుపు తెలుపులకు మార్చి, అసలు రంగేదో ఊహించమని యంత్రానికి పరీక్ష పెడతారు. జవాబు ఎదురుగానే ఉంది కాబట్టి తప్పిన ప్రతిసారీ యంత్రం తన లెక్కలు సవరించుకుంటుంది. ఆకాశం ఎక్కువసార్లు నీలం, గడ్డి ఎక్కువసార్లు పచ్చన అని అది అలా నేర్చుకుంటుంది.

తొలి యంత్రాలు చీర దగ్గర బోల్తాపడ్డాయి. ఒకే బూడిద ఛాయకు ఎరుపు, పచ్చ, నీలం మూడూ సాధ్యమే అయినప్పుడు, సగటు తప్పు తగ్గించుకోమని యంత్రానికి చెబితే అది మూడిటి సగటు తీస్తుంది. ఆ సగటు మట్టిరంగు. ఏ నేతగాడూ నేయని రంగు. 2016లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీకి చెందిన రిచర్డ్ జాంగ్, ఫిలిప్ ఐసోలా, అలెక్సీ ఎఫ్రోస్ దీనికి ఒక విరుగుడు చూపారు. పది లక్షలకు పైగా ఫొటోలతో శిక్షణ ఇచ్చి, రంగుల్ని 313 గళ్లుగా పంచి, సగటు చెప్పకుండా ఏ గడికి ఎంత సంభావ్యత ఉందో చెప్పమన్నారు. అరుదైన నిండు రంగులకు అదనపు మొగ్గు ఇచ్చారు. వాళ్ల పరీక్షలో జనం 32 శాతం సార్లు యంత్రం వేసిన రంగునే అసలు ఫొటో అనుకున్నారు.

గమనించాల్సిందేమిటంటే, అక్కడ గెలుపు అంటే నమ్మించడం. అసలు రంగుతో సరిపోవడం కాదు. యంత్రం చెప్పేది తాను చూసిన ఫొటోల్లో ఎక్కువసార్లు జరిగిందాన్ని. చూడనిదాన్ని అది ఊహించలేదు. ధర్మవరం పట్టుచీర, కూచిపూడి ఆహార్యం, పౌరాణిక కిరీటం పెద్దగా లేని ఫొటోల రాశి మీద పెరిగిన యంత్రానికి సావిత్రి చీరను అప్పగిస్తే, ఎక్కడి దుస్తుల రంగులో తెచ్చి పూస్తుంది. మాయాబజార్ కృష్ణుణ్ణి ఇస్తే మామూలు మనిషి ఒంటిరంగే వేస్తుంది. కృష్ణుడు నీలమేఘ ఛాయలో ఉండాలన్నది వెలుగునీడల్లో దొరికే సమాచారం కాదు, సంస్కృతి చెప్పే సమాచారం. ఆ సంస్కృతిలో కూడా ఏకాభిప్రాయం లేదు. హిందూపురం దగ్గరి లేపాక్షి వీరభద్రాలయంలో 16వ శతాబ్దపు పైకప్పు చిత్రాలు చూడండి. నల్లటి రేఖలతో హద్దులు గీసి, ఎరుపు, పసుపు మట్టిరంగులు, తెలుపు, ఆకుపచ్చలతో నింపారు. నీలం దాదాపు కనిపించదు. దేవుళ్లకు ఏ రంగు వేయాలో ఆ చిత్రకారులు తమ దగ్గరున్న వన్నెలతోనే నిర్ణయించుకున్నారు.

ఎవరి బొమ్మ, ఎవరి రంగు?

కంప్యూటర్‌తో సినిమాలకు రంగు వేసే పద్ధతికి మూలపురుషుడు కెనడాకు చెందిన విల్సన్ మార్కల్. 1970లో ఆయన అపోలో యాత్రల చంద్రుడి బొమ్మలకు రంగు వేశాడు. 1985లో ‘టాపర్’ అనే 1937 నాటి హాలీవుడ్ చిత్రం రంగుల్లో వచ్చింది. వెంటనే అమెరికన్ టీవీ వ్యాపారి టెడ్ టర్నర్ తాను కొన్న ఎం.జి.ఎం. పాత చిత్రాలకు వరసగా రంగులు వేయించడం మొదలుపెట్టాడు. దర్శకులు మండిపడ్డారు, వ్యవహారం అమెరికా చట్టసభ దాకా వెళ్లింది. ‘సిటిజన్ కేన్’కు రంగు వేయాలన్న ఆలోచనను 1989లో విరమించుకోవాల్సి వచ్చింది, ఆ చిత్ర దర్శకుడు ఆర్సన్ వెల్స్ రాసుకున్న పాత ఒప్పందం అడ్డుపడింది. ఫ్రాన్స్‌లో దర్శకుడు జాన్ హ్యూస్టన్ వారసులు కోర్టుకెక్కి, ఆయన తీసిన ‘ది ఆస్ఫాల్ట్ జంగిల్’ రంగు ప్రతిని టీవీలో వేయకుండా 1991లో అత్యున్నత న్యాయస్థానం దాకా పోయి నెగ్గారు.

మన చట్టంలో సినిమాకు కర్త నిర్మాత. దర్శకుడికీ ఛాయాగ్రాహకుడికీ ఆ హోదా లేదు. సినిమా కాపీరైట్ విడుదలైన మరుసటి క్యాలెండర్ సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లు. ఆ లెక్కన 1957 చిత్రాల గడువు 2017 చివరికి తీరిపోయింది. ఒకప్పుడు 165 మంది ఎనిమిది నెలలు చేసిన పనికి ఇప్పుడు ఇంట్లో కంప్యూటర్ ఉంటే చాలు. మరి దీనికి హద్దు ఎక్కడ పెట్టాలి?

పాత కట్టడాలు, చిత్రాలు కాపాడేవాళ్లు ఈ ప్రశ్నకు ఎప్పుడో జవాబు చెప్పుకున్నారు. 1964 వెనిస్ ఒడంబడిక మాట: పోయిన భాగం నింపవచ్చు, కానీ నింపింది అసలు నుంచి వేరుగా గుర్తుపట్టగలిగేలా ఉండాలి. లేపాక్షి పైకప్పులో పెచ్చులూడినచోట ఎవరైనా కొత్త రంగు కొట్టి పాతదేనని చూపిస్తే మనం ఊరుకోం. సినిమాకూ అదే నీతి సరిపోతుంది, పైగా ఇక్కడ పాటించడం తేలిక కూడా. రంగును విడి పొరగా దాచవచ్చు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయవచ్చు. రంగు ఎవరు నిర్ణయించారో, ఏ ఆధారంతో నిర్ణయించారో, ఏ గిన్నె కొత్తగా నిండిందో మొదట్లో ఒక మాట రాయవచ్చు. 2010 ప్రతిలో రంగుతోపాటు ఇంకా చాలా మారాయి. ధ్వనిని డీటీఎస్‌లోకి మార్చారు, నేపథ్య సంగీతం కొత్తగా వాయించారు, రెండు పాటలూ చాలా పద్యాలూ తీసేశారు. దాన్ని పాత సినిమాగా చూస్తే మోసం. పాత సినిమా మీద కొత్త తరం చేసిన వ్యాఖ్యానంగా చూస్తే, ఆ శ్రమకు దక్కాల్సిన మర్యాద దక్కుతుంది. ప్రేక్షకులు దాన్ని ఆదరించారు కూడా. కొత్త పిల్లలు కొందరు థియేటర్లో మాయాబజార్ చూసింది ఆ రంగుల వల్లే.

గోల్డ్‌స్టోన్ సంస్థ హక్కులు కొన్నవి మాయాబజార్‌తో కలిపి 14 తెలుగు సినిమాలు. హక్కుల చిక్కుల వల్ల మిగతావాటి పని ఆగిపోయింది. అది పెద్ద నష్టమేమీ కాదు. రంగు ఇవాళ వేయకపోతే రేపు ఇంకా మంచి సాఫ్ట్‌వేర్‌తో వేసుకోవచ్చు. నష్టం ఎక్కడంటే, పెట్టెల్లో పులిసి వినెగర్ వాసన కొడుతూ ముడుచుకుపోతున్న నెగెటివ్‌ల దగ్గర. తెలుగు తొలి టాకీ, 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’ ప్రతి ఈనాడు మనకు దొరకదు. దానికి రంగు వేయాలా వద్దా అని వాదించుకునే అవకాశం కూడా లేదు. కాబట్టి డబ్బూ మనుషులూ తక్కువగా ఉన్నప్పుడు వరస ఇలా ఉండాలి. ముందు నెగెటివ్‌ను చల్లటి, పొడి గదిలోకి చేర్చడం. తర్వాత నలుపు తెలుపుల్లోనే, వీలైనంత వివరంగా స్కాన్ చేసి రెండు మూడు చోట్ల దాచడం. రంగు ఆ తర్వాతి మాట. శశిరేఖ చీర ఎరుపా పచ్చా అన్నది ప్రతి తరమూ తన ఇష్టప్రకారం తేల్చుకోవచ్చు, తర్వాతి తరం దాన్ని మార్చుకోవచ్చు. బార్ట్లీ కెమెరా పట్టిన వెలుగు లెక్క మాత్రం ఒక్కసారి రాసిందే, దాన్ని రెండోసారి రాసేవాళ్లు లేరు.